కిటికీ పక్కన కుర్చీ

సంచిలో మొదట జొన్నరొట్టెలు పెట్టింది అంజనమ్మ. పెట్టాక నలిగిపోతాయేమోనని బయటికి తీసి, అడుగున కూతురి చుడీదార్లు పరిచి, పైన మళ్లీ రొట్టెల మూట ఉంచింది. శనగపొడి సీసా మూత రెండుసార్లు బిగించి చూసింది. దువ్వెన పెట్టావా, తలనొప్పి మాత్రలు పెట్టావా అని అడుగుతూ, అవన్నీ తానే పెట్టినట్టు గుర్తొచ్చి నాలుక కరుచుకుంటోంది. ఆ చేతులు ఇంతకుముందు ఒక్కసారే, పనికోసం ఊరు వదిలే మనిషికి ఇలా సంచి సర్దాయి. ఆ సంచి మళ్లీ ఈ గడప తొక్కలేదు...

"కర్నూలే కదమా. శనివారం సాయంత్రానికల్లా వస్తా. అరవై కిలోమీటర్లకు ఇన్ని రొట్టెలా?" అంది రమణి, లాప్‌టాప్ తీగ చుట్టుకుంటూ.

"మోసేది బస్సు కదా, నీకేం బరువు?"

రమణి నవ్వింది. అంజనమ్మ నవ్వలేదు. కూతురు పదిరోజుల కిందట అన్న మాట ఆమె గుండెలో ఇంకా ముల్లులా కదులుతూనే ఉంది. ఈ ఇంట్లో పని సాగదుమా, అంది రమణి. అంతే. ఇంకేమీ చెప్పలేదు.

ఎమ్మిగనూరులో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో రెండు గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని, గట్టు మీద కూర్చుని నేసేవి. ఒకటి అంజనమ్మది. వెనక గదిలో గోడవారగా రమణి బల్ల. కడపలో డిగ్రీ చదువుతూ నేర్చుకున్న విద్యతో ఆ పిల్ల నూనె డబ్బాలకు, పచ్చడి సీసాలకు లేబుళ్లు, దుకాణాలకు బోర్డులు కంప్యూటర్‌లో తయారుచేసి పంపుతుంది. ఒక కంపెనీలో ఉద్యోగం కాదు. ఎవరు పని ఇస్తే వాళ్ల పని. అందుకే ఫోన్లు ఎక్కువ. ఒకసారి ఫోన్ స్పీకర్‌లో బెంగళూరు నుంచి మాట్లాడుతున్న పెద్దమనిషి, మగ్గం మోత విని, ఏం మేడమ్, మిల్లులో కూర్చున్నారా అని అడిగాడు. రమణి నవ్వేసి ఊరుకుంది గానీ, ఆ మాట ముందు గదిలోకి వినబడింది.

ఆ రోజు నుంచి కూతురి ఫోన్ మోగితే చాలు, అంజనమ్మ మగ్గం ఆగిపోయేది. అడ్డపోగును అటూ ఇటూ లాగే నాడె చేతిలోనే ఉంటుంది, కాలు తొక్కుడు చెక్క మీద నుంచి లేచే ఉంటుంది. మాటలు ముగిసేదాకా ఊపిరి బిగబట్టినట్టు అలాగే కూర్చునేది. పావుగంట కావచ్చు, గంట కావచ్చు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న రమణికి ఆ సంగతి తెలియదనే ఆమె నమ్మకం. నూలు ఇచ్చి చీరలు తీసుకుపోయే సుంకన్న ఒకనాడు గడపలో నిలబడి, ఏమక్కా, నీ మగ్గం పండుకుంటాందా, ఆరు రోజుల చీర పదైనా తెగల్యాదే అని గట్టిగా ఎత్తిపొడిచాడు. కండ్లు కనబడటం లేదని అబద్ధమాడి పంపేసింది.

ఆ వారంలోనే రమణి కర్నూలు మాట ఎత్తింది. సి.క్యాంపులో ఒక మేడ మీద కో-వర్కింగ్ ఆఫీసు పెట్టారట. సొంతంగా ఆఫీసు తెరిచే స్తోమత లేనివాళ్లంతా నెలకింత కట్టి ఒకే హాలును వాడుకుంటారట. కరెంటు పోదు, నెట్ ఆగదు. ఫోన్ మాట్లాడుకోవడానికి గాజుగది ఉంటుంది. దానికి మాత్రం గంటకింతని వేరే కట్టాలి. ఏ కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చోవాలి. సాయంత్రం తమ సామాన్లు తామే తీసుకుపోవాలి. తన పేరు మీద ఒక బల్ల కావాలంటే దాదాపు రెట్టింపు. రమణి అది తీసుకోలేదు. హాస్టల్ ఖర్చు కూడా ఉంది కదా!

నీ కుర్చీ అని ఒకటి ఉండదా అని అంజనమ్మ మూడుసార్లు అడిగింది. ఉండదని మూడుసార్లూ చెప్పింది రమణి. ఆ తల్లి మొహం ఎందుకు అలా పాలిపోయిందో అప్పుడు ఆ పిల్లకు అర్థం కాలేదు.

ముందు గదిలోని రెండో మగ్గం అంజనమ్మ భర్త ఉరుకుందప్పది. రమణికి నాలుగేళ్లప్పుడు, వరుసగా వానలు లేక చీరలు కొనేవాళ్లే కరువైన రోజుల్లో, మరమగ్గాల పనికని అతడు భివండీ వెళ్లాడు. మొదట్లో రెండు మూడుసార్లు ఎదురింటికి ఫోన్ చేశాడు. తర్వాత అదీ లేదు. అంజనమ్మ అన్న నరసన్న రైలెక్కి వెతకబోయాడు. ఉరుకుందప్ప నడిపిన మిషన్ దగ్గర వేరే మనిషి నిలబడి ఉన్నాడు. ఇక్కడివాడు ఏమయ్యాడంటే, ఎవరు, ఎప్పుడు అని ఎదురు అడిగారట. ఒక మనిషి రాకపోయిన రోజే ఆ చోటులోకి ఇంకొక మనిషి వస్తే, రానివాడు రాలేదని ఎవరికి తెలుస్తుంది? నరసన్న చెప్పిన ఆ ఒక్క మాటా ఇరవై ఒక్క ఏళ్లుగా అంజనమ్మను తినేస్తోంది.

అందుకే ఆయన మగ్గం గుంట మీద పలకలు పరిచి, గోనెపట్టా కప్పి ఉంచింది. శుక్రవారం శుక్రవారం తుడిచి కుంకుమ పెడుతుంది. చోటు ఉంటే మనిషి వస్తాడని ఆమె నమ్మకం. పక్క వీధి రెజీనా బాగా నేసే మనిషి. అద్దె ఇంట్లో నేల తవ్వనివ్వమని ఇంటివాళ్లు అనడంతో మగ్గం లేకుండా పోయి, ఇటుకలు మోసే కూలికి పోతోంది. అక్కా, ఆ మగ్గంలో నన్ను కూర్చోనిస్తావా, అద్దె ఇస్తా అని ఒకసారి అడిగితే, అంజనమ్మ ఆమెతో మూడు నెలలు మాట్లాడలేదు.

రమణి వెళ్లింది. శనివారాలు వచ్చింది, సోమవారాలు వెళ్లింది. ఇప్పుడు మగ్గం ఆపాల్సిన పనే లేదు, పొద్దంతా నేయవచ్చు. అయినా వీధిలో ఎవరి ఫోన్ మోగినా అంజనమ్మ చెయ్యి ఠక్కున ఆగిపోయేది. తర్వాత గుర్తొచ్చి, వెనక గదిలోని ఖాళీ బల్లకేసి చూసి మళ్లీ నాడె విసిరేది. రోజూ సాయంత్రం ఫోన్‌లో ఆమె అడిగేది ఒకటే. ఈ పొద్దు యాడ కూర్చున్నావు? కిటికీ పక్కన, అనేది రమణి. నిన్న గోడకాడ అంటివే? నిన్న గోడకాడే. రేపు? రేపటి మాట ఇప్పుడెట్ల తెలుస్తాదిమా...

ఐదో వారం ఆమె ఇక తట్టుకోలేకపోయింది. మిగిలిన నూలు పోగులన్నీ ఏరి, ఎర్రంచుతో కుర్చీకి సరిపడే పట్టా ఒకటి నేసింది. కూతురి కుర్చీ మీద అది పరిచి వస్తే, అది రమణి చోటని నలుగురికీ తెలుస్తుంది కదా! మంగళవారం పొద్దున్నే కోడుమూరు మీదుగా పోయే బస్సెక్కింది.

సి.క్యాంపులో ఆ మేడ పైకెక్కి తలుపు తోస్తే చల్లగాలి మొహానికి కొట్టింది. అంత మంది ఉన్నా చప్పుడు లేదు. గుసగుసలు, కీబోర్డుల టకటక. ముందు బల్ల దగ్గరున్న వీరభద్ర అనే కుర్రవాడు, రమణి అక్క గాజుగదిలో ఫోన్‌లో ఉందని, కూర్చోమని చెప్పాడు. అంజనమ్మ కూర్చోలేదు. నిన్న ఫోన్‌లో రమణి చెప్పిన కిటికీ దగ్గరికి నేరుగా నడిచింది. ఆ కుర్చీలో నడివయసు మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు.

"లెయ్ నాయనా. అది నా బిడ్డది."

హాలులో టకటక ఆగిపోయింది. ఆ మనిషి లేచి, తన సీసాలూ కాగితాలూ ఒడిలోకి తీసుకుని, కూర్చోమ్మా అన్నాడు. ఆయన పేరు గిడ్డయ్య. ఆత్మకూరులో గానుగ నూనె తీసి అమ్ముతాడు. ఆయన సీసాల మీది లేబుల్ రమణే చేసింది. ఇక్కడ పక్కపక్కన కూర్చోవడం వల్లే ఆ పని దొరికింది. ఆయన ద్వారా ఇంకో ముగ్గురి పనీ దొరికింది. అంజనమ్మకు ఇవేవీ తెలియవు. ఆమె పట్టా పరుస్తూ ఉంటే ఆయన మెల్లగా చెప్పాడు.

"ఈడ ఎవరి చోటని ఏమీ ఉండదమ్మా. ముందొచ్చినోళ్లు కూర్చుంటారు. నేను మధ్యాహ్నం పోతా, అప్పుడు మీ పాప కూర్చుంటాది."

ఆమె పట్టా అంచును కుర్చీకి ఇంకా గట్టిగా అదిమి పట్టుకుంది. గాజుగదిలో నుంచి పరుగున వచ్చిన రమణి తల్లిని పట్టుకుని, టీ కాచుకునే చిన్న గదిలోకి తీసుకుపోయింది. ఇంట్లో ఏమైనా అయిందా అని కంగారుగా అడిగింది. అంజనమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇన్నేళ్లుగా కూతురికి ఎన్నడూ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"మీ నాయన మిషన్ కాడ కూడా ఇంకోడు నిలబడినాడు పాపా. అందుకే ఆయన రాల్యాదని ఎవరికీ తెలియల్యా. ఒకపొద్దు నువ్వు రాకపోతే ఈడ ఎవరికి తెలుస్తాది?"

టీ గ్లాసు కోసం వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయిన గిడ్డయ్యే బదులు చెప్పాడు.

"తెలుస్తాదమ్మా. పోయిన బుధవారం పదైనా రాకపోతే మేం ఫోన్ చేసినాం. ఎత్తల్యా. వీరభద్ర హాస్టల్ కాడికి పోయి చూస్తే జరంతో పడుండె. వాడే ఆసుపత్రికి తీసకపోయినాడు..." అంటూనే తల్లి మొహం చూసి, "చెప్పల్యాదా పాపా నువ్వు? నాకు గ్లాసొద్దులే," అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

అంజనమ్మ కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టింది. బుధవారం పోయి ఆరు రోజులైనా, జ్వరం ఇంకా అక్కడే ఉన్నట్టు వెతికింది. ఎవరో ఎరగని మనుషులు తన బిడ్డ రాలేదని గమనించారు... ఆ ఒక్క ముక్కా లోపల ఎక్కడో పట్టుకున్న ముడిని సడలిస్తోంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకుని నిలదీసింది.

"జరమొచ్చినా ఇంటికి రాబుద్ధి కాల్యా నీకు? మగ్గం మోతంటే అంత రోత పుట్టిందా?"

"మోత కాదుమా," అంది రమణి, ఏడుస్తూ. "మోత ఆగిపోయేది. సుంకన్న మామ అరిసినపొద్దు నా చెవుల్లో ఏమీ ల్యావు. నీకు కండ్లు బాగానే కనపడతాయి కదా, ఎందుకట్ల చెప్పినావని మరుసటి రోజు ఉత్తుత్తిగా ఫోన్ మాట్లాడతా వచ్చి తొంగి చూసినా. కాలెత్తిపెట్టుకొని, నాడె పట్టుకొని, బొమ్మలెక్క కూచోనుంటివి. ఎన్ని చీరలు ఆపినావుమా నాకోసం? చెప్తే, నాకేం కష్టమంటావు. అందుకే నా పనే సాగదని చెప్పి వచ్చినా."

కూతురు ఇంటి మీద అలిగి పోయిందనుకుంది తల్లి; తల్లికి ఆమె మగ్గం తిరిగి ఇద్దామని కదిలింది కూతురు. ఆ ఇరుకు గదిలో, కాగుతున్న టీ పొంగి పొయ్యి మీద పడుతున్నా చూసుకోకుండా, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల ఆన్చి చాలాసేపు అలాగే ఉండిపోయారు. చివరికి పొయ్యి కట్టేసింది అంజనమ్మే.

పట్టా ఏం చేయాలో తోచక మడత పెట్టబోతే రమణి లాక్కుంది. ఏ కుర్చీలో కూర్చుంటే దాని మీద పరుచుకుంటానంది. బస్సెక్కేదాకా వచ్చి, శనివారం వస్తానంది. అంజనమ్మ ఈసారి ఎన్నింటికని అడగలేదు.

మరునాడు పొద్దున్నే ఆమె రెజీనా ఇంటి ముందు నిలబడి, ఇటుకలు మోయడానికి పోవద్దు, నాతో రా అంది. ఇద్దరూ కలిసి గోనెపట్టా తీశారు, పలకలు ఎత్తారు. గుంటలో దుమ్ము, ఎలుకలు కొరికిన తాళ్లు. ఊడ్చాక, అడుగున మట్టిలో ఉరుకుందప్ప పాదాలు ఒత్తి ఒత్తి పడిన రెండు పల్లాలు బయటపడ్డాయి. రెజీనా చెప్పులు విప్పి, మగ్గానికి దణ్ణం పెట్టుకుంది గానీ దిగలేదు. ఆ పల్లాలకు ఆమె పాదాలు చిన్నవి.

"అన్న వస్తే ఎట్లక్కా?"

అంజనమ్మ పలకలను గోడకు ఆనిస్తూ, వెనక్కి తిరగకుండా చెప్పింది.

"ముందొచ్చినోళ్లు కూర్చోవాల. వస్తే, ఆయన మధ్యాహ్నం కూర్చుంటాడు."

తాళ్లు మార్చి, పడుగు ఎక్కించేసరికి శనివారం అయింది. మధ్యాహ్నం రెండు మగ్గాలూ ఒకదాని వెనక ఒకటి మోగుతుండగా రమణి ఫోన్ చేసింది. అలవాటు చొప్పున అంజనమ్మ ఆగింది, ఆమెను చూసి రెజీనా కూడా ఆగింది. బస్సులో ఉండానని చెప్పి, ఎందుకట్ల నిశ్శబ్దంగా ఉండాదని అడిగింది రమణి.

"ఆపొద్దుమా. ఫోన్ ఆడ పెట్టి నెయ్యి. వింటా."

అంజనమ్మ ఫోన్‌ను మగ్గం గట్టు మీద పెట్టి నాడె విసిరింది. కోడుమూరు దాటి ఊరు వచ్చేదాకా రమణి వింటూనే ఉంది. అయిదున్నరకు సంచి భుజాన వేసుకుని గడప లోపలికి వచ్చింది. ఆ తర్వాత ప్రతి శనివారం వచ్చింది.

ఉరుకుందప్ప 2003 మార్చి పన్నెండో తేదీ, బుధవారం పొద్దున భివండీ వెళ్లాడు. తిరిగి రాలేదు.