రేపటినీడలో నాలుగో ఇల్లు

2079 నాటికి ఉత్తరాంధ్ర తీరంలో తుఫానులు ఏడాదికి తొమ్మిదిసార్లు వచ్చేవి. జనానికి అలవాటైపోయాయి, ప్రభుత్వానికి మాత్రం ప్రతిసారీ కొత్తే. తక్షణ సహాయం కోసం పెట్టుకున్న అర్జీలను ముందు ఒక యంత్రం చూసేది. అది కాదంటే అప్పీలు. అప్పీలును 'రేపటినీడ' తేల్చేది.

రేపటినీడ ఒకరకం సిమ్యులేషన్. అర్జీదారు, ఇల్లు, వీధి, ఇరుగుపొరుగు, అందరి ప్రతిరూపాలతో రాబోయే ముప్పై రోజులనూ తెరమీద నడిపించి చూపేది. ప్రభుత్వ సాయం అందకపోయినా ఆ నీడమనుషులు గట్టెక్కితే అప్పీలు కొట్టేస్తారు. ఆఖరి సంతకం మాత్రం మనిషే చేయాలని చట్టం. తీరంలోని ఒక మండలంలో ఆ మనిషి హేమసుందరి.

ఆ ఉదయం అప్పీలుకు వచ్చినామెను చూసి హేమసుందరి ఫైలులోకి తల దించుకుంది. తన వీధిలో ఉండే పైడితల్లి. మొగుడు సముద్రంలో పోయి ఆరు నెలలైంది. ఇప్పుడు అత్త ఊపిరియంత్రం తుఫానునీళ్ళలో మునిగి పాడైంది. కొత్తది లేకపోతే ముసలామె వారం దాటదని డాక్టరు రాశాడు.

"మాయత్తకి ఊపిరాడ్డం లేదమ్మ. రెండ్రోజులై కూకునే పడుకుంటంది. ఒక్కపాలి మీరే సూడాల," అని చెప్పి పైడితల్లి బయట బల్లమీద కూర్చుంది.

హేమసుందరి తలుపేసి తెర వెలిగించింది.

"నీడలో ముసలామె బతికింది మేడమ్," అంది రేపటినీడ యంత్రం.

"ఎలా?"

"నాలుగో ఇంటివారు కొత్త ఊపిరియంత్రం కొనిచ్చారు. రోజూ వచ్చి చూసుకున్నారు."

తెరమీద నాలుగో ఇంటి తలుపు తెరుచుకుంది. చిరునవ్వుతో బయటికి వచ్చింది హేమసుందరే.

మొన్న పైడితల్లి నిజంగానే వచ్చి ఆ తలుపు కొట్టింది. తను ఫ్యాను కట్టేసి, ఆమె వెళ్ళిపోయేదాకా చప్పుడు చేయకుండా లోపలే కూర్చుంది.

"నేను చేస్తానని నీకెవరు చెప్పారు?" అని అడిగింది.

"మీరే. ఆమె భర్త పోయినప్పుడు పరామర్శకు వెళ్ళి, 'ఏ అవసరమొచ్చినా మొహమాటపడకు, మేం లేమా' అన్నారు. వీధిలో పదకొండుమంది అన్నారు, అందరి ఫోన్లలో రికార్డయింది. అందరికంటే మీ గొంతులో దుఃఖం ఎక్కువ. అందుకే మిమ్మల్ని ఎంచాను."

పరామర్శకు వెళ్ళిన ప్రతివాళ్ళూ అనే మాటే అది. అనకపోతే తప్పు. ఆ మాట పట్టుకుని వచ్చి తలుపు కొడితే ఇంకా పెద్ద తప్పు. పాపం, యంత్రానికి ఈ రెండో సంగతి ఎవరూ నేర్పలేదు.

"మాట నిజం కాకపోతే 'నేను సాయం చేయను' అని రాయండి. అప్పీలు వెంటనే మంజూరవుతుంది."

"నేను రాసింది ఆమె చూస్తుందా?"

"చూస్తారు. అది ఆమె హక్కు."

ఒక్క వాక్యం. నేనంత చెడ్డదాన్నా అనుకుంటే హేమసుందరికి ఏడుపొచ్చింది. సాయంత్రం వెళ్తాను, తప్పకుండా వెళ్తాను అని తనకు తనే చెప్పుకుంది.

'మాట నిజమే' అని రాసి సంతకం చేసింది.

"సంతోషం మేడమ్. అప్పీలు కొట్టివేశాం."

కబురు విని పైడితల్లి బల్లమీంచి లేచింది. "పోన్లెండమ్మ. మీరు మాత్రం ఏటి సేస్తారు," అని మెల్లగా మెట్లు దిగింది.

హేమసుందరి మళ్ళీ తెరముందుకొచ్చింది. అక్కడ తన నీడ ముసలామె వీపు నిమురుతూ గంజి తాగిస్తోంది. ఎంత మంచి మనిషి! చూస్తుంటే కడుపు నిండినట్టయింది. తెరమీది ముప్పై రోజులూ అయిపోయి, బయట సాయంత్రం దాటేదాకా కదలకుండా చూసింది. తర్వాత మొదటినుంచీ మళ్ళీ పెట్టమంది.