తమలపాకు తీగకు చెప్పని మాట

"అక్కా, పక్కకి తప్పుకో! అమ్మమ్మ తీగ ఎండిపోతోంది, నీళ్ళు పోస్తా!"

దాత్ బకెట్‌తో వచ్చాడు. లూయెన్ అప్పుడే బడి నుంచి వచ్చింది, యూనిఫాం అయినా మార్చలేదు. తీగకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు ముట్టుకోకు. దీనికి అమ్మమ్మే పోస్తుంది."

"అమ్మమ్మ ఎక్కడుంది? అమ్మమ్మ చని..."

"నోర్ముయ్!"

తమ్ముణ్ణి గట్టిగా తోసేసింది. బకెట్ దొర్లి నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. దాత్ రాగం తీస్తూ అమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

అమ్మమ్మ పోయి నెల కావస్తోంది. వాళ్ళ ఊళ్ళో ఇంటి పెద్ద పోతే తోటలో ప్రతి చెట్టుకూ తెల్లగుడ్డ పేలిక కడతారు. చెట్లు కూడా ఇంట్లోవాళ్ళే కదా, వాటికీ కబురు చెప్పాలి. చెప్పకపోతే బెంగతో అవీ పోతాయంటారు. అమ్మ పనసకు కట్టింది, పంపరపనసకు కట్టింది, కొబ్బరి చెట్లకు కట్టింది. వక్క చెట్టు మీద పాకిన తమలపాకు తీగకూ కట్టింది. అది అమ్మమ్మ ప్రాణంగా పెంచుకున్న తీగ.

ఆ సాయంత్రమే లూయెన్ ఆ ఒక్క పేలికా విప్పి బ్యాగులో దాచేసింది. రోజూ బడికి వెళ్తూ తీగ దగ్గర ఆగి, "అమ్మమ్మ ఊరెళ్ళింది. వచ్చేస్తుంది," అని చెప్పేది. అలా చెబుతుంటే తనకూ అమ్మమ్మ నిజంగానే ఊరెళ్ళినట్టు ఉండేది. ఇంకెవరైనా నీళ్ళు పోయబోతే ఒప్పుకునేది కాదు. కొత్త సంవత్సరం టెట్ పండుగ వెళ్ళాక వాన చుక్క లేదు. పాపం, తీగ మాత్రం ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? ఆకులు పండిపోయి ఒక్కొక్కటే రాలుతున్నాయి.

అమ్మ వచ్చి తీగ చుట్టూ చూసింది.

"ఇక్కడ కట్టిన గుడ్డ ఏదే?"

"నేను కాదు బాబోయ్! నాకసలు అందదు కూడా!" అన్నాడు దాత్, ఎవరూ అడగకుండానే.

"నేనే విప్పాను," అంది లూయెన్. తల ఎత్తలేదు. "దీనికి తెలియకపోతే... దీనికైనా అమ్మమ్మ ఉన్నట్టే కదమ్మా."

అమ్మ తిట్టబోయి ఆగిపోయింది. ఆ మట్టిలోనే చతికిలబడింది.

"నిన్న బజార్లో ఏం చేశానో తెలుసా? వక్కలు కొన్నాను. ఇంటికొచ్చి సంచీ దించాక గుర్తొచ్చింది, నమిలే మనిషి లేదని." అమ్మ రాలిన ఆకొకటి చేతిలోకి తీసుకుంది. "నాకూ దీనికి చెప్పబుద్ధి కాలేదే. కానీ చెప్పకపోతే అది ఎదురుచూస్తూనే ఉంటుంది కదా. ఇవాళ వస్తుందేమో, రేపు వస్తుందేమో అని."

ఎదురుచూడటం ఎలా ఉంటుందో లూయెన్‌కు బాగా తెలుసు. రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని తను చేస్తున్నది అదే.

లోపలికి వెళ్ళి నలిగిపోయిన పేలిక తెచ్చింది. తీగకు కట్టింది.

"అమ్మమ్మ చనిపోయింది," అంది తీగతో. ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. "ఊరెళ్ళిందని అబద్ధం చెప్పాను. ఇంక రాదు."

అంతే, వెక్కి వెక్కి ఏడ్చేసింది. అమ్మ ఒళ్ళోకి లాక్కుంది. దాత్ కూడా వచ్చి ఇరుక్కున్నాడు. ఏడుపు తగ్గాక ముగ్గురూ కలిసి తీగకు నీళ్ళు పోశారు.

ఆదివారం పొద్దున కాలవ గట్టున పడవ ఆగింది. చామ్ అవ్వ! అమ్మమ్మకు చిన్ననాటి స్నేహితురాలు. మనవరాలి కాన్పుకని ఎక్కడో దూరం వెళ్ళి అప్పుడే తిరిగొచ్చింది.

"ఏమే ముసలిదానా! ఇంకా లేవలేదా? మంచి ఆకు లేక నా నోరు చవి చచ్చిపోయింది. రా, రా!" అని పడవలోంచే కేకేసింది.

వంటింట్లో అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. దాత్ అక్క వైపు చూశాడు.

ఊరెళ్ళిందని అనేస్తే చాలు, అవ్వ నవ్వుతూ వెళ్ళిపోతుంది. ఆ మాట లూయెన్ నోటి దాకా వచ్చింది కూడా.

కానీ లూయెన్ గట్టు దిగింది. అవ్వ చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి ఎక్కించి, నీడలో కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"అమ్మమ్మ చనిపోయింది అవ్వా," అంది. "ఏడుపొస్తే ఏడువు. నేను నీ దగ్గరే ఉంటాను."