పద్నాలుగో పేజీలో తప్పు చెయ్యి

చౌ సర్! టో మాస్టర్! లాయ్-సాను చంపింది కత్తి పట్టినవాడొక్కడే అనుకుని హాయిగా టీ తాగకండి. ఆ కత్తి పిడి మీద మీ ఇద్దరి వేళ్ళూ ఉన్నాయి. ఎలాగో చెప్తాను, కూర్చోండి.

హాంకాంగ్‌లో 'పిడుగు బరి' వీడియో గేమ్ తెలియనివాడు లేడు. అందులోని వీరులతోనే టో మాస్టర్ ప్రతి బుధవారం ఒక కామిక్ వదులుతాడు. క్వున్ టాంగ్‌లో ఒక పాత ఫ్యాక్టరీ, తొమ్మిదో అంతస్తు. మాస్టర్ మొహాలు మాత్రమే గీస్తాడు. జుట్టు ఒకడు, బట్టలు ఒకడు, గోడలు ఇంకొకడు. చేతులన్నీ, ప్రతి పిడికిలీ మోక్ లాయ్-సా గీస్తుంది. అట్ట మీద పేరు మాత్రం ఒక్కటే. టో.

మూడు నెలల కింద రహస్య విభాగం అధిపతి చౌ సర్ తన ఏజెంట్ యిప్ కాం-వాను పిలిచాడు.

"విదేశీ ఆయుధాల ముఠా. హంతకులకి ఆర్డర్లు ఆ కామిక్‌లోంచే పోతున్నాయి. లోపలికి వెళ్ళు."

"ఏ వేషం సర్?"

"బొమ్మలొచ్చా?"

"గోడలైతే గీయగలను."

అలా యిప్ గోడలు గీసేవాడయ్యాడు. కలంలో కెమెరా, ఇంకు సీసా అడుగున వైర్‌లెస్. పక్క బల్ల లాయ్-సాది. ఇంకు మరకల మధ్య ఎర్ర హైహీల్స్‌తో, చలువ కళ్ళద్దాలతో వచ్చేది ఆమె ఒక్కతే.

"ఏం గోడలయ్యా ఇవి? తన్నకముందే పడిపోయేలా ఉన్నాయి," అంది మొదటి రోజే.

"మరి మీ పిడికిళ్ళు? ఒక్కటీ నాకేసి చూడదు."

"చూస్తే పళ్ళు రాలతాయి, గోడల బాబూ."

ముఠా ఆమెను ఎప్పుడో చేర్చుకుంది. ఆమే విభాగానికి వచ్చి, ఇటువైపు పనిచేస్తానంది. డబుల్ ఏజెంట్. గుట్టు కూడా ఆమే విప్పింది. పేజీ అడుగున, బొమ్మలోని దెబ్బ ఆటలో ఎలా కొట్టాలో చెప్పే బాణం గుర్తుల పట్టీ ఉంటుంది. ప్రెస్‌లో ముఠా మనిషి ఆ గుర్తులు మారుస్తాడు. కుడి బాణమంటే తూర్పు రేవు, ఎడమ బాణమంటే పడమటి రేవు.

యిప్‌తో ఆమెకి ఒక ఫోన్ కోడ్ ఉంది. "పైనాపిల్ బన్ను అయిపోయిందా?" అని ఆమె అడగాలి. "వెన్న ఉంది," అని ఇతను అనాలి. పని మాట ముగిశాక కూడా ఇద్దరూ ఫోన్ పెట్టేవారు కాదు. అదేమిటో ఇద్దరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

శుక్రవారం చౌ సర్ కబురు. "ఆమె రెండువైపులా నటిస్తోంది. స్టూడియోకి వెళ్ళకు. ఫోన్ ఎత్తకు."

"సర్, ఆమె..."

"ఎత్తకు అన్నాను."

ఎత్తలేదు. ఐదు రోజులు ఆ ఫోన్ మోగుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. యిప్, నీ వేళ్ళూ ఉన్నాయి ఆ పిడి మీద.

బుధవారం ఉదయం పదిన్నర. యిప్ పేపర్ల బడ్డీ దగ్గర ఎనభై ఏడో సంచిక కొన్నాడు. పద్నాలుగో పేజీ పట్టీలో మూడు కుడి బాణాలు. తూర్పు రేవు. చౌ సర్ ప్రెస్ ప్రూఫులో ఇది ముందే చదివాడు. ఆయుధాల ఓడ రేడియో ఆపరేటర్ హో ముయ్-లాన్ ఆ రోజు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆమె పదకొండు గంటల ఫెర్రీని పడమటి రేవుకి మళ్ళించాడు. అంతా సవ్యమే.

అప్పుడు యిప్ చెయ్యి చూశాడు.

వీరుడు లే ఫుంగ్ ఇనుప గ్లౌజు ఎడమ చేతిది. ఆటలో వాడు అటు తిరిగితే బొమ్మ మొత్తం అద్దంలోలా తిరగబడి గ్లౌజు కుడి చేతికి వచ్చేస్తుంది. దాంతోపాటు బాణాలూ తిరగబడతాయి. కుడి నొక్కాల్సిన చోట ఎడమ నొక్కాలి. గేమ్ సెంటర్‌లో ఒక్కరోజు నిలబడ్డవాడికైనా ఇది తెలుసు. కామిక్‌లో మాత్రం గ్లౌజు ఎడమ చేతినే ఉండాలి. ఎనభై ఆరు సంచికల్లో లాయ్-సా ఒక్కసారి తప్పలేదు.

ఈ పేజీలో గ్లౌజు కుడి చేతికి ఉంది.

తిప్పి చదవమంటోంది! మనం చదువుతున్నామని ముఠాకి తెలిసిపోయింది. బాణాలు తిరగేశారు. దెబ్బ పడమటి రేవులో!

బడ్డీ ఫోన్ లాక్కున్నాడు. "సర్! ఫెర్రీ ఆపండి! చెయ్యి తప్పు గీసింది, కావాలనే గీసింది!"

"ఎవరు గీశారు? ఆ పుస్తకం గీసేది టో. మొహాలన్నీ మనవాళ్ళు భూతద్దం పెట్టి చూశారు. కళ్ళలో ఏ సంకేతమూ లేదు."

"చేతులు టో గీయడు సర్! లాయ్-సా గీస్తుంది!"

కాగితాల చప్పుడు. "పుస్తకంలో ఆ పేరు ఎక్కడా లేదయ్యా. మనకి ముప్పుతిప్పలు పెట్టడానికి అబద్ధం చెప్పి ఉంటుంది."

యిప్ ఫోన్ వదిలేసి టాక్సీ ఎక్కాడు.

పదకొండుకి రెండు నిమిషాలు. ఫెర్రీ గట్టుకి తగులుతోంది. తాడు అందుకునే నావికుడి వేషంలో ఒకడు. తాడు చుట్ట కింద కత్తి. ముయ్-లాన్ ఫెర్రీ దిగే పలక మీద కాలు పెట్టింది. యిప్ ఇంకా ముప్పై అడుగుల దూరంలో ఉన్నాడు.

జనంలోంచి ఎర్ర హైహీల్స్ దూసుకొచ్చాయి. ఫోన్ ఎవరూ ఎత్తకపోతే మనిషే రావాలి కదా. లాయ్-సా ఆ కత్తిని రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులతోనే. వాడు గుంజి ఆమెను పొడిచాడు. రెండో పోటు సాక్షి మీదికి లేచే లోపల యిప్ వాడి మణికట్టు విరిచి నేలకు అదిమాడు. ముయ్-లాన్ ఒంటి మీద గీత కూడా పడలేదు.

యిప్ లాయ్-సా తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"చూశావా చెయ్యి?" అంది.

"చూశాను."

"తప్పు గీశానని మాస్టర్ తిడతాడు." నవ్వబోయింది. తర్వాత చిన్నగా, "పైనాపిల్ బన్ను అయిపోయిందా?"

"వెన్న ఉంది. లాయ్-సా, వెన్న ఉంది, వింటున్నావా?"

ఆమె విన్నదో లేదో యిప్‌కి ఈ రోజుకీ తెలియదు.

ముయ్-లాన్ మధ్యాహ్నం సాక్ష్యం చెప్పింది. ముఠా మొత్తం లోపలికి పోయింది. చౌ సర్ ఫైల్లో రాశాడు: 'గుర్తు తెలియని స్త్రీ మృతి.' టో మాస్టర్ తర్వాతి సంచికలో వేశాడు: 'పద్నాలుగో పేజీలో చెయ్యి పొరపాటుగా పడింది. పాఠకులు క్షమించాలి. మలి ముద్రణలో సరిచేస్తాం.'

సరిచేస్తారా? దమ్ముంటే ఆ చెయ్యి ముట్టుకుని చూడండి!

చౌ సర్, ఫైల్లో 'గుర్తు తెలియని స్త్రీ' అన్న మూడు మాటలు కొట్టేసి మోక్ లాయ్-సా అని రాయి. టో మాస్టర్, ఈ బుధవారం అట్ట మీద నీ పేరంత లావున ఆమె పేరు వెయ్యి. కింద జుట్టు గీసినవాడి పేరు, బట్టలు గీసినవాడి పేరు కూడా. గోడలు గీసినవాడి పేరు అక్కర్లేదు, వాడి గోడలు ఎలాగూ బాగాలేవు. ఆ గ్లౌజు మాత్రం కుడి చేతికే ఉండనియ్యండి.