రెక్క మీద దొంగ రివెట్లు

మార్చి పదిహేడు. ఆ ఉదయం బావ, విమానాల ఫ్యాక్టరీలో టెస్ట్ పైలట్, రెండు ఉడికించిన గుడ్లు, ఒక రొట్టె ముక్క, ఒక అరటిపండు తిన్నాడు. క్యాంటీన్ బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్న భార్యతో, "నువ్వు అతికించిన రెక్క కదా, ఇవాళ జాగ్రత్తగా తిప్పి తీసుకొస్తా" అని నవ్వి, హెల్మెట్ తీసుకుని వెళ్ళాడు.

కాసేపటికి ఆ టెస్ట్ విమానం ఎడమ రెక్క పైపొర, తొక్క ఒలిచినట్టు ఆకాశంలోనే ఊడొచ్చింది. విమానం కోత అయిపోయిన చేలో పడింది. ఆ సమయానికి చేలో ఎవరూ లేరు. ఆ రోజు దక్కిన దయ అదొక్కటే.

విచారణ కమిటీ రెక్క ముక్కల మీద సిలికోన్ జిడ్డు ఉందని తేల్చింది. జిడ్డు తగిలితే జిగురు పట్టదు. పని చేసిన మనిషి చేతులకు క్రీమ్ రాసుకుని ఉంటుందని రాసి, బావ భార్యను ఉద్యోగం నుంచి తీసేసింది.

ఆమె అన్నయ్య ఒక గూఢచారి. డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు కొలిమి.

*

"ఈ కేసు నీకివ్వకూడదు. నీ బావ కదా" అన్నాడు చీఫ్. చిన్న గది, కిటికీకి మందపాటి తెర, టేబుల్ మీద చల్లారిన టీ.

"అందుకే నాకివ్వండి సార్."

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. లావుపాటి మనిషి, మెత్తటి నవ్వు. "వీణ్ని అందరూ సప్లయర్ అంటారు. ఫ్యాక్టరీలకు గ్లోవ్స్, మాస్కులు అమ్ముతాడు. అసలు పని విదేశీ ముఠాకి. ఆ ముఠాకి మనం పెట్టిన పేరు ఉల్లిపాయ."

"ఎందుకలా?"

"వాళ్ళు ముట్టుకున్నదల్లా పొరలుపొరలుగా ఊడుతుంది కాబట్టి. పైగా మిగిలేది ఏడుపే."

కొలిమి ఫోటో దగ్గరికి లాక్కున్నాడు.

"నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో రెక్కంటే అల్యూమినియం రేకు, దాన్ని బిగించే వేల రివెట్లు. రివెట్ వదులైతే కంటికి కనిపించేది" అన్నాడు చీఫ్. "ఇప్పుడు కార్బన్ ఫైబర్ పొరలు ఒకదాని మీదొకటి పరిచి, ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడికిస్తున్నారు. గదంత ప్రెషర్ కుక్కరనుకో. బరువు సగం, బలం రెట్టింపు. కానీ లోపల పొర పట్టిందో లేదో, పట్టినట్టు నటిస్తోందో అల్ట్రాసౌండ్‌కీ అందదు. రెండో విమానం తయారైంది. అందులో ఏ భాగం చెడగొట్టారో వాడికే తెలుసు. వాడు చెప్పకపోతే ప్రాజెక్టు మొత్తం తుక్కు. ఉల్లిపాయకి కావలసిందీ అదే."

"చెప్పిస్తాను."

"ప్రాణాలతో కావాలయ్యా."

కొలిమి లేచి కుర్చీ సర్దాడు. "ప్రయత్నిస్తాను సార్."

*

ఎయిర్‌పోర్ట్ లాంజ్‌లో ఎర్ర స్కార్ఫ్ కట్టుకున్న మేడం కాఫీ కలుపుతోంది. చుట్టుపక్కల టేబుళ్ళ వాళ్ళు పేపర్ చదువుతున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నారు. ఉల్లిపాయకి ఆమె నమ్మకమైన మనిషి. రెండేళ్ళుగా చీఫ్‌కి కూడా.

నెరిసిన మీసం అతికించుకుని, టెస్ట్ పైలట్ జాకెట్‌లో ఉన్న కొలిమి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"చేతులు పగిలాయా?" కోడ్ వర్డ్.

"చలి ఇంకా పోలేదు."

ఇంత అందగత్తె రెండు వైపులా పని చేస్తోందంటే, మూడో వైపు కూడా ఉండొచ్చని కొలిమి అనుమానం. అది గ్రహించినట్టు ఆమె పట్టు గ్లోవ్స్ తీసి చేతులు చూపించింది. వేళ్ళ చివర్లలో పాత బీటలు ఇంకా పూర్తిగా మానలేదు. పొరల గదిలో పనిచేసే ఆడవాళ్ళు క్రీమ్ రాసుకోరు, తలకు నూనె పెట్టుకోరు, సెంటు జోలికి పోరు. చలికాలం వాళ్ళ వేళ్ళన్నీ ఇలాగే ఉంటాయి. చెల్లెలి చేతులూ ఇంతే.

"ఈ రంగంలోకి రాకముందు నేనూ పొరలు పరిచినదాన్నే" అంది. "సప్లయర్‌కి ఈ పగుళ్ళే దారి చూపించాయి. 'మీ చేతులు చూడలేకపోతున్నానమ్మా' అంటూ ఉచితంగా మెత్తటి గ్లోవ్స్ పంచాడు. వేసుకుంటే ఎంత హాయిగా ఉంటుందో! అందరూ దణ్ణం పెట్టి తీసుకున్నారు."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక జత తీసి, అద్దం బల్ల మీద ఒత్తింది. కొలిమి లైటర్ తీశాడు. అందులోంచి వచ్చింది నిప్పు కాదు, శుద్ధమైన నీటి తుంపర. బల్ల అంతటా నీళ్ళు పల్చగా పరుచుకున్నాయి. గ్లోవ్‌లోని సిలికోన్ జిడ్డు తగిలినచోట మాత్రం నీరు నిలవలేదు. బొట్లుబొట్లుగా విడిపోయి, అయిదు వేళ్ళ ఆకారం మిగిలింది.

కొలిమి ఆ అయిదు వేళ్ళనూ అరచేత్తో తుడిచేశాడు. దయ చూపిస్తున్నట్టు నటించి చంపాడు వీడు. కత్తితో పొడిచి ఉంటే ఇంత మండేది కాదు.

"వాణ్ని రేపు విమానం ఎక్కించగలరా?"

"చెడగొట్టిన విమానం వాడెందుకు ఎక్కుతాడు?"

"పాత రివెట్ల ట్రైనర్, శిక్షణ విమానం అని చెప్పండి. చేత్తో తడిమి చూసుకోమనండి."

*

ఆ సాయంత్రం హ్యాంగర్‌లో అన్నాచెల్లెళ్ళకు పెద్ద గొడవ అయింది. త్రీడీ ప్రింటర్ ఒక పళ్ళెం నిండా ప్లాస్టిక్ రివెట్ తలలు పోసింది. కందిగింజలంత ఉన్నాయి.

"కార్బన్ విమానమే తీస్తా. వాడితో పాటు నేనూ పోతే పోనీ" అన్నాడు కొలిమి.

"నోర్ముయ్ అన్నయ్యా. నీ పగ నువ్వు తీర్చుకుని వెళ్ళిపోతే, తెల్ల గుడ్డ కప్పిన మనిషిని మళ్ళీ నేనే చూడాలా?"

"మరేం చెయ్యమంటావ్?"

"ముందు ఆ జిగురు ఇటివ్వు. చెప్తాను."

ఒక్కొక్క రివెట్ తీసుకుని రెక్క మీద వరసగా అతికించసాగింది. కాపలా మనిషి అడక్కుండానే ఒక స్టూల్ తెచ్చి ఆమె దగ్గర పెట్టి వెళ్ళాడు.

*

మర్నాడు సప్లయర్ రెక్క మీద చెయ్యేసి రివెట్ల వరస తడిమాడు. "పాత సరుకు పాత సరుకే. గట్టిది" అని, మేడం వైపు కన్ను గీటి వెనక సీట్లో కూర్చున్నాడు. అతిథుల్ని ఒక చుట్టు తిప్పడం మర్యాద అని ఆమె చెప్పింది. కాదంటే అనుమానం వస్తుందనీ చెప్పింది.

ముసలి పైలట్ బెల్టు బిగించాడు. అవసరమైన దానికన్నా గట్టిగానే.

సీట్ల మీది గాజు కెనోపీ మూసుకుంది. విమానం రన్‌వే మీద వేగం అందుకుంది. హెల్మెట్ రేడియోలో ముసలి గొంతు మాయమై, పడుచువాడి గొంతు వినిపించింది.

"రెక్క వైపు చూడండి సార్."

సప్లయర్ చూశాడు. గాలికి రివెట్లు ఊడిపోతున్నాయి. ఒకటి, తర్వాత గుప్పెడు, తర్వాత వరస మొత్తం, చేటలోంచి గింజలు విసిరినట్టు వెనక్కి ఎగిరిపోయాయి. వాటి కింద నున్నటి రెక్క మెరుస్తోంది.

"ఇది... ఇది ట్రైనర్ కాదా?"

"ఏమనుకుంటున్నారు? మీ గ్లోవ్స్ అంటే ఆడవాళ్ళకి ఎంతిష్టమో!"

"ఆపు! ఆపవయ్యా!"

"మా బావ కూడా ఆపుదామనే చూశాడు. గాల్లో బ్రేకులుండవు."

"ఎవర్రా నువ్వు?"

"రెక్క అతికించినావిడ అన్నయ్యని."

ముందు చక్రం నేల విడిచింది. సప్లయర్ ఒళ్ళంతా చెమటతో బెల్టులో గింజుకున్నాడు. "ఎడమ రెక్క! పైపొర, మొదలు దగ్గర! కుడిది బాగానే ఉంది! గ్లోవ్స్ నేనే ఇచ్చా, ఆ అమ్మాయి తప్పేం లేదు, ఒట్టు! దించు బాబూ!"

"ఇంకా?"

"అవతలి రన్‌వే మీదున్న ప్రయాణికుల విమానం! దాని తోక మరమ్మతు కూడా ఆ గ్లోవ్స్‌తోనే చేశారు! ఇక లేవు, నా పిల్లల మీద ఒట్టు!"

కంట్రోల్ టవర్‌లో ఇదంతా రేడియోలో వింటున్న చెల్లెలు కిటికీలోంచి చూసింది. ప్రయాణికుల విమానం అప్పటికే పరుగు మొదలుపెట్టింది. కంట్రోలర్ ఇంకా అర్థం కాక నోరు తెరిచి ఉన్నాడు. ఆమె అతని ముందున్న మైక్ లాక్కుంది.

"టేకాఫ్ రద్దు! ఆపండి! మీ తోక పట్టలేదు!"

అవతల పైలట్‌కి ఆ మాట వింతగా తోచి ఉంటుంది. అయినా బ్రేక్ వేశాడు. టైర్లు పొగలు కక్కాయి. రన్‌వే చివరి తెల్లగీత మీద విమానం ముక్కు ఆగింది. కిటికీలో ఒక పసిపిల్ల, ఏదో ఆట అనుకుని చప్పట్లు కొడుతోంది.

ఇక్కడ కొలిమి మాత్రం థ్రాటిల్ తగ్గించలేదు. వెనక సీట్లో వాడు ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు చెవులకు ఎంత కమ్మగా ఉందంటే, ఇంకాస్త పైకి తీసుకెళ్ళి, ఇంకాస్త వినాలనిపించింది. బావకి ఏడవడానికి కూడా సమయం దొరకలేదు.

రేడియోలో చెల్లెలి గొంతు. "అన్నయ్యా, చాలు. అంతా రికార్డయింది. దిగు."

విమానం ఒక చుట్టు తిరిగి మెత్తగా దిగింది. మేడం మెట్ల దగ్గర స్కార్ఫ్ సర్దుకుంటూ నిలబడి ఉంది. సప్లయర్ తూలుతూ దిగి రెక్కను చూశాడు.

"ఊడలేదే?"

"ఊడదు" అందామె. "ఇది నిజంగానే పాత ట్రైనర్. దీని రివెట్లు రేకులోకి దిగగొట్టి, పుట్టీ పెట్టి, రంగేసి ఉన్నాయి. మీరు తడిమినవి ప్లాస్టిక్‌వి. ఇన్నేళ్ళు విమానాలు కూల్చారు గానీ, కార్బన్ ఏదో రేకు ఏదో తెలీదా మీకు?"

కాపలా మనిషి సప్లయర్ చేతులకు బేడీలు వేశాడు.

చీఫ్ కొలిమిని పక్కకి పిలిచాడు. "మంచి ఎత్తు వేశావయ్యా."

"ఎత్తు నాది కాదు సార్. నేను కార్బన్ విమానమే అడిగాను. మా చెల్లెలు ఒప్పుకోలేదు."

*

విచారణ కమిటీ చెల్లెలికి క్షమాపణ చెప్పి, ఆమె ఉద్యోగం ఆమెకిచ్చింది. ఆ సాయంత్రం ఆమె లాకప్‌కి వచ్చింది. కొలిమి వెనక నిలబడ్డాడు. తిడుతుందని, చెంప పగలగొడుతుందని ఎదురుచూశాడు. కాపలా మనిషి కూడా మర్యాదగా అటు తిరిగాడు.

లోపల సప్లయర్ మోకాళ్ళ మీద తల ఆనించుకుని ఉన్నాడు. ఆమె అతణ్ని ఒకసారి చూసింది. తర్వాత తెరిచి ఉన్న ఇనుప తలుపుకి రెండు అరచేతులూ ఆనించి, అంగుళం అంగుళంగా మూసింది.

"గట్టిగా వెయ్యాల్సింది" అన్నాడు కొలిమి. "నేనైతే బిల్డింగ్ అదిరేలా వేసేవాణ్ని."

"నా కోపం చప్పుడు కూడా వాడికి దక్కకూడదు అన్నయ్యా."

తలుపు ఎంత నెమ్మదిగా పడిందంటే, ఆ సంగతి లోపలివాడికి కొంతసేపటిదాకా తెలియనే లేదు.