నల్ల ప్లిమత్‌లో నిద్ర

"మా నాయనది ఆత్మహత్య కాదక్కా. చంపేసినారు. ఎవరో కనిపెట్టి చెప్పండి, చాలు."

తమిళనాడులోని ధర్మపురి బస్టాండు ఎదురుగా, మందుల షాపు మేడ మీది గదిలోకి వస్తూనే వినోదిని అన్న మాట ఇది. కూర్చోమన్నా కూర్చోలేదు. ప్రైవేట్ డిటెక్టివ్ సౌభాగ్యం కళ్లజోడు సర్దుకుని ఆమెను చూసింది. పక్క బల్ల దగ్గర ఆమె అసిస్టెంట్ దినకరన్ ఉన్నాడు. ఒకప్పుడు బండ్ల ఇన్సూరెన్స్ సర్వేయరు. సౌభాగ్యం ఒక కేసు విప్పిన తీరు చూసి, ఉన్న ఉద్యోగం వదిలేసి ఆమె దగ్గర చేరాడు. ఆమె తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందనుకుంటాడు.

జరిగింది ఇది. వినోదిని తండ్రి సదాశివం వ్యాపారి. సేలం రోడ్డులో పాత కార్ల మ్యూజియం పెట్టి నడిపాడు. ఆయుధపూజ నాటి సాయంత్రం, ఇంటి వెనకున్న చిన్న షెడ్డులో, తన పెళ్లినాటి నల్ల ప్లిమత్ కారు వెనక సీట్లో శవమై దొరికాడు. షెడ్డు నిండా ఇంజిన్ పొగ. కారు తాళంచెవి తిప్పి ఉంది. మ్యూజియం అమ్మకానికి వచ్చింది, ముసలాయన బెంగ పెట్టుకున్నాడు, ఇంకేం కావాలి పోలీసులకు! ఆత్మహత్య అని తేల్చేశారు.

"అమ్మమని పోరు పెట్టింది నేనే," అంది వినోదిని. "ఈ ఇనుప సామాన్లు కట్టుకోని ఎన్నాళ్లు ఏడుస్తావు నాయనా అని ముందురోజే అరిచినా. ఆయన తానుగా చచ్చిపోయింటే నేను చంపినట్టే గదా! కాదక్కా, ఇది మా చిన్నాయన పళనిస్వామి పని. ఆ స్థలం మింద ఆయనకు ఎప్పట్నుంచో కన్ను."

"నిజం ఇంకోలా ఉంటే?"

"ఎట్లున్నా సరే. తెలుసుకోకుండా నేను బతకలేను."

సౌభాగ్యం నిట్టూర్చింది. దుఃఖంలో ఉన్నవాళ్లందరూ ఇదే మాట అంటారు, పాపం.

మర్నాడు పొద్దున ఇద్దరూ మ్యూజియానికి వెళ్లారు. లోపల అడుగు పెట్టగానే దినకరన్ వచ్చిన పని మరిచిపోయాడు. బొమ్మంత బేబీ ఆస్టిన్, అద్దం ముందుకు వంచేసే విల్లీస్ జీపు, మూడు గేర్ల పాత ఫోర్డు. టైర్లు చదునైపోకుండా అన్నింటినీ కొయ్య దిమ్మెల మీద నిలబెట్టారు.

"మేడం, ఈ మారిస్ మైనర్ చూడండి! మలుపు తిరగాలంటే లైటు వెలగదు, పక్కనుంచి చెయ్యి లేచినట్టు ఒక రెక్క పైకి లేస్తుంది!"

సౌభాగ్యం ప్రతి కారు ముందూ ఒక్క క్షణం ఆగి, ముఖం చూసి కదిలింది. బండ్లన్నీ మెరుస్తున్నాయి గాని బోసిగా ఉన్నాయి.

మ్యూజియం పక్కనే ఇల్లు. దాని వెనక షెడ్డులో ప్లిమత్ ఉంది. కిటికీలకు లోపలినుంచి నల్ల తెరలు, ముందు వెనక సీట్ల మధ్య కూడా ఒకటి. హెడ్‌లైట్ల మీద గంధం, కుంకుమ ఎండిపోయి ఉన్నాయి. సౌభాగ్యం వాటినే చూస్తుంటే దినకరన్ నవ్వాడు.

"ఆయుధపూజ కదా మేడం. ఆ రోజు మన ఊళ్లో బొట్టు లేని బండి ఎక్కడుంది? నా స్కూటర్‌క్కూడా మా ఆవిడ పెట్టింది."

"ఊఁ," అంది సౌభాగ్యం. షట్టర్‌కు లోపలివైపు పిడి లేదు. విరిగిపోయి చాలా కాలమైంది. బయటనుంచి తప్ప దించడానికి వీల్లేదు.

మెకానిక్ కన్నప్పన్ ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో వచ్చాడు.

"కార్లలో పెట్రోల్ ఉంటుందా?"

"ఉండదుమ్మా, దించేస్తాము. నా గదిలో డబ్బా ఉంది. అందులో ఒక చెంబుడు తగ్గింది. ప్లిమత్ ట్యాంకు మటుకు ఎండిపోయింది. కొనేవాళ్లు మర్నాడు లారీతో వస్తామన్నారు, ఇంజిన్ వినిపించాల గదా అని బ్యాటరీ నేనే బిగించినా."

"ఏటేటా పూజ ఎట్లా చేస్తారు?"

"బండ్లు దిమ్మెల మింద ఉంటాయి గదా, నిమ్మకాయ తొక్కించేదానికి కుదరదు. అందుకని చెంబుడు పెట్రోల్ పోసి ఇంజిన్ ఆడిస్తారు. దాన్ని చేత్తో ఆపకూడదు, అదే ఆగల్ల. పూజ దినం బండి నోరు మూయిస్తే అరిష్టమని ఈ ఇంటి వాడుక. ఈ ఏడు మటుకు పూజే వద్దన్నాడు అయ్య. రేపు పరాయివాళ్లకు పొయ్యేదానికి పూజేంటికిరా అని కసురుకున్నాడు. నేను మా అంగడి పూజకు పోతా ఉంటే, నాలుగ్గంటలకు టీ తెచ్చియ్యమన్నాడు. నేను వచ్చేసరికే అంతా అయిపోయింది."

చిన్నాయన పళనిస్వామిని అడిగితే ఉడికిపోయాడు. "నేను ఇండూరు రైస్‌మిల్లు పూజలో గుమ్మడికాయ కొడతా ఉంటిని. ఊరంతా చూసింది. మా అన్నను నేను చంపేదా? థూ!"

శవం దొరికినప్పుడు ఉన్న వస్తువులను వినోదిని చూపించింది. కారు మెట్టు కింద జతగా విడిచిన చెప్పులు. జేబులో మడిచిన కళ్లజోడు, చెవి మిషను. తర్వాత సౌభాగ్యం ఇంటి పెరట్లోకి నడిచింది. అంట్లు తోమే రాతి దగ్గర ఒక ఇత్తడి చెంబు బోర్లించి ఉంది. మెడ చుట్టూ పసుపు దారం. చింతపండు పెట్టి తోమితోమి తళతళలాడుతోంది. సౌభాగ్యం ఎత్తి వాసన చూసి, ఉన్నచోటే పెట్టేసింది.

"పూజ చెంబు బయట ఎందుకుంది మేడం?" అన్నాడు దినకరన్. ఆమె ముఖం అంతగా వాడిపోవడం అతను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం అందరూ వరండాలో కూర్చున్నారు. సదాశివం భార్య రంగనాయకమ్మ స్తంభానికి ఆనుకుని నేల చూస్తోంది. సౌభాగ్యం వినోదినిని ఆఖరిసారి అడిగింది. "ఇక్కడితో ఆపేద్దామా?"

"చెప్పండక్కా."

"మీ నాయన చావాలనుకోలేదు. చావబోయేవాడు టీ తెమ్మని చెప్పడు. షట్టర్ లోపలినుంచి దించలేడు. మర్నాడు పోబోయే కారులో కాసేపు పడుకుందామని వెళ్లాడు. చెవి మిషను తీశాడు, తెరలు లాక్కున్నాడు, నిద్రపోయాడు. ఆ తర్వాత ఒకరు వచ్చారు. మ్యూజియంలో ఏ బండికీ బొట్టు లేదు, దీనికే ఉంది. ఆయుధపూజ కాబట్టి పోలీసులకు అది వింతగా తోచలేదు. వచ్చినవాళ్లు పూజ చేశారు. చెంబుడు పెట్రోల్ పోశారు, ఇంజిన్ ఆడించారు, ఇంటి వాడుక ప్రకారం ఆపకుండా వదిలారు. వద్దన్న పూజ కాబట్టి చప్పుడు బయటికి రాకుండా షట్టర్ దించారు. లోపల మనిషి ఉన్నాడని వాళ్లకు తెలియదు. పెట్రోల్ వాసన తగిలిన చెంబును తిరిగి పూజగదిలో పెట్టడానికి మాత్రం చేతులు రాలేదు." సౌభాగ్యం గొంతు తగ్గింది. "ఇది హత్య కాదమ్మా. పోలీసులకు ఆ మాట నేనే చెబుతాను."

రంగనాయకమ్మ తల ఎత్తింది.

"మేడ మింద పండుకుంటానని చెప్పి పోయినాడు," అంది. "నన్ను పెండ్లికూతురుగా ఈ ఇంటికి తెచ్చిన బండి అది. కడాకు నోరు లేకుండా పోతుందే అని మనసు ఒప్పలేదు. ఆయనకు వినబడితే తిడతాడని షట్టర్ దించినా. ఈడనే కూచోని వింటా ఉంటిని. ఎంత బాగా పలుకుతుందో అని సంతోషంగా వింటిని. ఆగినాక హారతి ఇద్దామని పోయి షట్టర్ ఎత్తితే..."

"అయ్యో వదినా!" అని పళనిస్వామి తల బాదుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అంది వినోదిని. "చిన్నాయనను నోటికొచ్చినట్టు తిడతా ఉంటినే!"

"చెబితే నీకు నాయనా లేక, అమ్మా లేక పోతుంది గదమ్మే."

"నీ మాటకు ఆయన చచ్చిపోలేదు వినోదినీ," అంది సౌభాగ్యం. తను ఇవ్వగలిగిన ఓదార్పు అదొక్కటే.

వినోదిని తల అడ్డంగా ఊపింది. "నేను అమ్మమనకపోయింటే ఆయన పూజ వద్దనడు గదక్కా. షట్టర్ తెరిచే ఉండును." పళనిస్వామి వైపు చూసింది. "చిన్నాయనే చేసినాడని చెప్పింటే బాగుండు. ఇప్పుడు ఎవరి మింద ఏడ్చేది నేను?"

దేనికైనా మేడం దగ్గర జవాబు ఉంటుందని నమ్మే దినకరన్ ఆమె వైపు చూశాడు. సౌభాగ్యం చూపు తిప్పుకుంది. రంగనాయకమ్మ కూతురి వైపు చెయ్యి చాపింది. వినోదిని ఆ చేతిని చూసిందే గాని పట్టుకోలేదు.