కలిసిన కనుబొమలు

ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్సులో పొద్దున్న కొళాయికి నీళ్లొచ్చేది కాసేపే. ఆ కాసేపట్లోనే బిందెలు నింపుకొని, పొయ్యి మీద అన్నం దించి, పోర్టు ఆఫీసుకి పరుగెత్తాలి దాలమ్మ. మొగుడు అప్పలసూరి డాకులో పోయాక ఆయన బదులు ఈవిడకిచ్చిన ప్యూను ఉద్యోగం అది. ఆ పొద్దున బిందె చంకనెత్తుకొని లోపలికొచ్చేసరికి కూతురు నూకరత్నం కిటికీకి అద్దం ఆనించుకుని కూర్చుంది. పొయ్యిలో బూడిద వేళ్లకు అద్దుకొని కనుబొమల మధ్య వెంట్రుకలు ఒక్కొక్కటీ పీకుతోంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా చెయ్యి ఆపడం లేదు. అప్పటికే ఎడమపక్క సగం ఖాళీ అయి, ఎర్రగా వాచింది.

దాలమ్మ బిందె దించింది. ఒక్క అంగలో వెళ్లి కూతురి చెంప ఛెళ్లుమనిపించింది.

"ఎవులు పీకమన్నారే నిన్ను?"

"ఎవులనాలేటి? స్కూల్లో అందరూ బెంగాలీలో జోడా భురు, కలిసిన బొమలది అనే పిలుస్తన్నారు. నా పేరే మర్సిపోనారు. నా మొగం, నా ఇష్టం."

"నీ ఒక్కదాని మొగమే అయితే నానెందుకు కొడతాను? నీకు పీకితే వీధిలో ఏటనుకుంటారు? దాలమ్మ కూడా ఒప్పీసుకుంది, అందుకే కూతురికి ముందే పీకించీసింది అనుకోరా?"

ఒప్పుకోవడానికి ఆమె చేసిన నేరమేమిటంటే, ఆ కూతురికున్నట్టే ఆమెకీ కనుబొమలు కలిసే ఉన్నాయి. బొమలు కలిసినదానికి మొగుడు దక్కడని మనవాళ్లలో ఒక నమ్మకం. పన్నెండేళ్ల కింద డాకులో క్రేను గొలుసు తెగి, జనపనార బేళ్లు మీద పడి అప్పలసూరి చచ్చిపోయాడు. శవం వాకిట్లో ఉండగానే అత్త అమ్మన్నమ్మ అందరి ముందూ వేలెత్తి చూపించింది. ఈ కలిసిన బొమలదే నా కొడుకుని మింగీసిందంది. మనిషిని చంపింది ఇనుప గొలుసైతే పేరు మాత్రం ఆడదాని మొహానికొచ్చింది. ఎంత న్యాయమో చూడండి.

ఆ మర్నాడే పీకేసుకుంటే నలుగురి నోళ్లూ మూతపడేవేమో. దాలమ్మ పీకలేదు. ఆ బొమలతోనే రేషను షాపుకెళ్లింది, యూనియన్ ఆఫీసుకెళ్లింది, ఉద్యోగానికెళ్లింది. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో ఉండే బావ కూర్మయ్య, అప్పలసూరి అన్న, నాటి నుంచీ ఆమె చేతి మంచినీళ్లు ముట్టలేదు. అయినా పీకలేదు.

"ఇంతకీ బూడిదతో పీకాలని నీకెవులు నేర్పారు?" అంది దాలమ్మ. ఈ కాలం పిల్లలకి తెలిసే పద్ధతి కాదది.

రత్నం మూల మంచం వైపు చూసింది. అక్కడ అమ్మన్నమ్మ గోడకి తిరిగి పడుకుని ఉంది.

"మామ్మా?"

పిల్ల తల ఊపింది. దాలమ్మకి ఒళ్లు మండింది. తనని అన్నది చాలక మనవరాలి మొహం మీద కూడా చెయ్యి వేసిందన్న మాట.

ముసలమ్మకి నెల కిందటే కంటి ఆపరేషన్ అయింది. మొహం తడపకూడదు, చెయ్యి పెట్టకూడదు అన్నాడు డాక్టరు. నిన్నటిదాకా నుదుటి మీంచి పచ్చగుడ్డ కట్టు ఉండేది. నిన్న విప్పి, నల్ల కళ్లద్దాలు ఇచ్చి పంపారు. కట్టు మార్చడం, మందు వెయ్యడం అన్నీ రత్నమే. కోడలి చెయ్యి తగలనిచ్చేది కాదు ముసలమ్మ. ఇవాళ పిల్ల ఏడుస్తూ మూల కూర్చోవడంతో దాలమ్మే చుక్కల మందు అందుకుంది. అడగాల్సింది కూడా అప్పుడే అడుగుదామనుకుంది.

అత్తని లేపి కూర్చోబెట్టి కళ్లద్దాలు తీసింది. మందు సీసా పక్కన పెట్టి దగ్గరికి వంగి చూసింది.

అమ్మన్నమ్మ రెండు కనుబొమల మధ్యా నెరిసిన వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే బొమ.

"ఇదేటి అత్తా?"

ముసలమ్మ చెయ్యి గబుక్కున నుదుటి మీదికెళ్లింది.

"నాకు తెలుసమ్మా," అంది వెనక నుంచి రత్నం, చిన్న గొంతుతో. "కట్టు మార్సినప్పుడు సూసినాను. సెప్తే తన సావు సూస్తానని ఒట్టేయించుకుంది."

అమ్మన్నమ్మ చెయ్యి దించింది. "నా పెళ్లికి ముందర మాయమ్మ పీకింది. ఎవులికీ తెలీకుండా పీక్కోయే, లేపోతే మొగుడు దక్కడంది. రోజూ తెల్లారగట్ట పొయ్యికాడ కూకోని పీక్కున్నాను. ఐనా దక్కలేదు. కొడుకూ దక్కలేదు. ఆ దినం సూరిగాడి సవం కాడ నాకొకటే తోసింది. నానే మింగీసినానని. ఎవులైనా కనిపెట్టీస్తారేమోనని బయిం. ఎదురుగా నువ్వున్నావు."

"ఉన్నాను గాబట్టి నామీద ఏసీసినావు."

"ఎయ్యకపోతే ఆ రాత్రే గంగలో దూకుదునే."

"నువ్వు దూకకుండా నన్ను తోసీసినావు."

బయట యూనియన్ ఆఫీసు మైకులో ఎవరో ఊరేగింపుకి రమ్మని బెంగాలీలో పిలుస్తున్నారు.

"సాయంత్రం కూర్మయ్య వస్తాడు," అంది ముసలమ్మ, కోడలి చెయ్యి తడుముకొని పట్టుకుంటూ. "కట్టు లేకుండా సూస్తాడు. నాకు కనపడదు, సెయ్యి వణుకుతంది. నీ కాళ్లు పట్టుకుంటాను, పీకీయే."

"పీకను. సూడనీ."

"తమ్ముణ్ణి నువ్వే మింగీసినావంటాడు."

"అంటే నాను సెప్తాను. ఎవులూ మింగలేదు బావా, గొలుసు తెగిపోయింది అని."

అనేసి దాలమ్మ నిలబడిపోయింది. గొలుసు తెగిందని పోర్టు వాళ్లన్నారు, యూనియన్ వాళ్లన్నారు, పక్కనే ఉన్న కూలీలన్నారు. ఇన్నేళ్లలో తన నోటితో తను మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. పౌరుషం కొద్దీ బొమలు ఉంచుకున్నాననుకుంది. పౌరుషమే అయితే తల దువ్వుకునేటప్పుడు అద్దంలో నుదురు చూడకుండా ఎందుకు తప్పించుకునేది? అత్త మాట తనూ నమ్మింది. శిక్ష పడ్డదానిలా మొహాన మోసుకు తిరిగింది. అది అర్థమయ్యాక మంచం పక్కనే కూలబడి, మొగుడు పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.

అమ్మన్నమ్మ చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి కోడలి నుదుటి మీద, సరిగ్గా రెండు బొమల మధ్య ఆగింది.

"సూరిగాడికి ఇయ్యంటే ఇట్టం," అంది. "పెళ్లిసూపులకాడ ఇయ్యే సూసి ఒప్పుకున్నాడు. నాలాటి బొమలేనని సెప్పలేక, వద్దురా అని ఏడ్సినాను. ఇన్లేదు. ఆ మొగమే గావాలన్నాడు."

దాలమ్మ తలెత్తింది. "ఈ మాట ఇప్పుడా అత్తా సెప్తన్నావు?"

"ఎలగ సెప్పనే? సెప్తే వాడు నాను కాదన్నదాన్ని కోరి సేసుకున్నాడని తెలిసిపోద్ది గదా. ఎందుకు కాదన్నావని అడగరా?"

కొంగుతో మొహం తుడుచుకొని దాలమ్మ లేచింది. పొయ్యి దగ్గరికెళ్లి వేళ్లకు బూడిద అద్దుకుంది.

"ఒలే రత్నం, ఇలగరా. సగం పీకిన మొగంతో స్కూలుకేటెల్తావు."

రత్నం బెదురుతూనే వచ్చి ముందు కూర్చుంది. కందిన చెంప తగలకుండా గడ్డం పట్టుకొని దాలమ్మ మిగతా సగం పీకసాగింది.

"నీకు నచ్చక తీస్తన్నాం," అంది పనిలోనే. "ఎవుడో సస్తాడని కాదు. ఇన్నావా?"

"ఊఁ. మరి నువ్వో, అమ్మా?"

"నాను ఉంచుకుంటాను. మీ నాన్నకిట్టం."

"సాయంత్రం నానే సెప్తానులే కూర్మయ్యకి, అంతా," అంది అమ్మన్నమ్మ మంచం మీంచి.

దాలమ్మకి క్షమించాలన్నా రావడం లేదు, వదిలేద్దామన్నా ఆ ముసలి మొహం మీద తన మొహమే కనిపిస్తోంది.

"సెప్పు," అంది. "నాను పక్కనే కూకుంటాను. ఒక్క మాట మింగినా ఊరుకోను."