గొబో ముడుచుకుంటే

"ప్రాణాలతో తీసుకెళ్తే చాలదు సగారా. బెదరకుండా తీసుకెళ్ళాలి. మిషన్ అదే."

టోక్యోలో ఏ బోర్డూ లేని ఆ ఆఫీసులో మురోఫుషి మేడమ్ సెక్షన్ చీఫ్. ఎదురుగా కూర్చున్న సగారా ఆమె ఏజెంట్లలో అందరికన్నా పాతవాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక ఫొటో ఉంది. అందులో ఉన్నది ఏ దేశపు గూఢచారో కాదు, అరచేతిలో పట్టేంత హెడ్జ్‌హాగ్. ఒళ్ళంతా ముళ్ళు, మొహమంతా ముక్కు. పేరు గొబో.

గొబో తొకివాది. తొకివా సగారాకి ఏళ్ళ తరబడి పార్ట్‌నర్. పోయిన శరదృతువులో అతని కారు కొండ మలుపు దగ్గర రెయిలింగ్ విరగ్గొట్టుకుని సముద్రంలో పడింది. కారు దొరికింది, మనిషి దొరకలేదు. ఖాళీ పెట్టెకే అంత్యక్రియలు జరిపించారు. తొకివాకి వెనకాముందూ ఎవరూ లేరు. గొబో పంజరాన్ని, తొకివా ఫొటోని సగారా తన ఇంటికి తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున్నే ఆ ఫొటో ముందు అగరొత్తి వెలిగించి, తొకివాకి ఇష్టమైన డబ్బా కాఫీ ఒకటి పెడుతున్నాడు.

"నుమాతా నోరు విప్పుతానంటున్నాడు," అంది మేడమ్.

నుమాతా ఒక విదేశీ ముఠాకి రహస్య పత్రాలు తర్జుమా చేసిపెట్టే ముసలాయన. పైకి మాత్రం హెడ్జ్‌హాగ్‌లు పెంచి అమ్మేవాడు. గొబో పుట్టింది ఆయన చేతుల్లోనే. దాన్ని కొనే వంకతోనే తొకివా ఆయన్ని ఇటువైపు తిప్పాడు. మీ ఆఫీసులో ఒకరు ముఠాకి అమ్ముడుపోయారు, ఎవరో నాకు తెలుసు అని కబురు పెట్టి నుమాతా మాయమయ్యాడు. తొకివా కారు సముద్రంలో పడింది ఆ వెంటనే. అమ్ముడుపోయినవాడే తొకివాని చంపాడని ఆఫీసంతా అనుకుంది. సగారా అయితే ప్రమాణం చేసినంత గట్టిగా నమ్మాడు.

"పేరు ఫోన్‌లో చెప్పడట. గొబోని చూసుకుంటున్న మనిషే దాన్ని తీసుకుని అవొమోరి స్టేషన్ వెయిటింగ్ రూమ్‌కి రావాలట. అది ముళ్ళు దించుకుని, ముక్కు బయటపెట్టి ఉంటే వచ్చి మాట్లాడతాడు. బంతిలా ముడుచుకుని ఉంటే వచ్చిన దారినే పోతాడు."

"మనుషుల మీద నమ్మకం లేదా ఆయనకి?"

"మనతో పనిచేశాడు కదయ్యా. ఇంకెక్కడి నమ్మకం?"

సగారా ఫొటో వైపు చూశాడు. "నా చేతిలో అది ఒక్కసారి కూడా విచ్చుకోలేదు మేడమ్. నేను తొకివాని కాదని దానికి తెలుసు."

"అయితే నేర్పించు. దారిలో మనవాళ్ళలోనే ఎవరైనా అటు తిరిగారని తెలిస్తే, 'ఆకుపచ్చగా వెళ్తోంది' అని మెసేజ్ పెట్టు."

హెడ్జ్‌హాగ్ బెంగపడితే ముందు చెడేది కడుపే, విరేచనం రంగు ఆకుపచ్చకి తిరుగుతుంది. మేడమ్ చదువుకునే వచ్చింది.

టెక్నికల్ విభాగంలో హికిదా అనే కుర్ర ఇంజనీరు ఉత్సాహంగా చేతులు రుద్దుకున్నాడు. "ముళ్ళ మధ్యలో కెమెరా పెడదామా సార్?"

"థర్మామీటర్ పెట్టు చాలు."

"అంతేనా?" హికిదా మొహం మాడిపోయింది. అయినా పని బాగానే చేశాడు. పైకి మామూలు ప్రయాణపు బుట్ట. అడుగున సెన్సర్. లోపలి వేడి, గొబో గుండె వేగం సగారా చేతి వాచీలో కనిపిస్తాయి.

సగారా ముందు ఆ బుట్టని పంజరంలోనే పెట్టి వదిలేశాడు. కొత్త చోటని జడిసిన గొబో కొన్నాళ్ళకి అందులోనే పడుకోవడం మొదలెట్టింది. తర్వాత మెట్రోలో ఒక స్టేషన్ దూరం. తర్వాత ఇంకాస్త దూరం. కాలి వేలు చిక్కుకోకుండా, దారాలు ఊడిరాని మెత్తటి గుడ్డ వేశాడు. బయల్దేరే ముందు తిండి తగ్గించాడు. నీళ్ళ గిన్నె ఒలికిపోతుందని దోసకాయ ముక్క పెట్టాడు. చలికాలంలో అందరూ కోటు జేబుల్లో వేసుకునే వేడి సంచిని తువాల్లో చుట్టి బుట్టకి బయట కట్టాడు. లోపల పెడితే అది గాలిని తినేస్తుంది. అసలు పెట్టకపోతే చలికి గొబో మొద్దునిద్రలోకి జారుతుంది, ఈ జాతివి ఆ నిద్రలోంచి లేస్తాయన్న నమ్మకం లేదు.

అన్నిటికన్నా పైన ఉతకని బనీను. తొకివాది. అది పరిచిన రోజే గొబో కాస్త ముళ్ళు దించేది. వాసన మాత్రం రోజురోజుకీ పలచబడుతోంది. సగారా కూడా ఒకసారి ఆ బనీను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, ఎవరూ చూడటం లేదు కదా అని.

ఆ రోజుల్లోనే తొకివా కనిపించడం మొదలైంది. మెట్రో అద్దంలో తన భుజం వెనక పాత టోపీ, కాస్త వంగిన మెడ. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. మార్కెట్ సందులో ఎవరో నాలుకతో రెండుసార్లు చప్పుడు చేశారు, తొకివా గొబోని పిలిచినట్టే. సగారాకి ఒళ్ళు జలదరించింది. దయ్యాలంటే నవ్వే మనిషి అతను. ఇప్పుడు ఇంటికొచ్చి తలుపు తీస్తూ, "నేనే," అని చెప్పి లోపలికి అడుగుపెడుతున్నాడు.

బయల్దేరే పొద్దున ఉత్తరానికి వెళ్ళే బుల్లెట్ ట్రైన్‌లో పక్క సీటులోకి ఒకావిడ వచ్చి కూర్చుంది. ఒంటె రంగు కోటు, మెడలో బూడిదరంగు ఉన్ని మఫ్లర్, పెట్టెలోని అందరూ తలలు తిప్పి చూసే అందం.

"ఈ బండిలో ఆపిల్ రసం అమ్ముతారా?" అని అడిగింది.

"అమ్ముతారు. వేడిగా మాత్రం ఇవ్వరు," అన్నాడు సగారా. కోడ్ సరిపోయింది.

ఆమె పేరు షిరాసే. ఇంకో శాఖ నుంచి మేడమ్‌కి అరువొచ్చిన ఏజెంటు. ఈ ప్రయాణానికి సగారా భార్య వేషం.

"ఇన్ని ముళ్ళున్నదాన్ని పెళ్ళాం కన్నా జాగ్రత్తగా చూసుకుంటున్నారే," అంది బుట్టలోకి తొంగిచూస్తూ.

"ఇది ఎదురు మాట్లాడదు."

ఆమె నవ్వింది. "తొకివా గారిని నేను ఎప్పుడూ చూడలేదు. బాగా దగ్గరివాడా?"

"అన్నం గిన్నె పంచుకున్నవాళ్ళం," అన్నాడు సగారా.

సొరంగాలు మొదలయ్యాయి. చెవులు గింగురుమన్నాయి. వాచీలో గుండె వేగం పైకి లేచింది. గొబో రాయిలా ముడుచుకుపోయింది. బనీను కూడా పనిచేయలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా చలిగాలి కొడుతోంది.

"పాపం, ఇది కప్పండి," అంటూ షిరాసే మఫ్లర్ తీసి బుట్ట మీద వేసింది.

సగారా ఆపబోయాడు. కొత్త వాసన తగిలితే గొబో ఊరుకోదు. నోట్లో నురగ తెచ్చుకుని, మెడ వెనక్కి తిప్పి, ఆ నురగని ముళ్ళకి పూసుకుంటుంది. హికిదా చేతుల వాసనకి చాలాసేపు అదే పని చేసింది. కానీ ఇప్పుడు నురగ రాలేదు. ముళ్ళు ఒక్కొక్కటీ దిగాయి. గొబో నడిచొచ్చి, మఫ్లర్ అంచులో ముక్కు దూర్చి, కాళ్ళు బారచాపి పడుకుంది. తొకివా ఒళ్ళో తప్ప అది అలా పడుకోగా సగారా ఎక్కడా చూడలేదు.

సగారా మఫ్లర్ సర్దుతున్నట్టు వంగాడు. బనీనులో ఉన్నది పోయినవాడి వాసన, పాతది, చల్లారినది. ఇదీ అదే వాసన, ఈ పొద్దుటిది.

బతికే ఉన్నాడు. ముందు కలిగింది సంతోషమే, సిగ్గులేని సంతోషం. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత మిగిలినవి ఒక్కొక్కటీ వచ్చి కూర్చున్నాయి. అమ్ముడుపోయిన మనిషి పేరు నుమాతా ఎందుకు ఫోన్‌లో చెప్పలేదో. ఆ పేరు బయటపడే వేళకి ఎవరు చచ్చిపోవలసి వచ్చిందో. అద్దంలో టోపీ ఎవరిదో. దాక్కున్న ముసలాయన దగ్గరికి దారి చూపించేది గొబో ఒక్కటే. దాని వెనకాలే తొకివా ఇంత దూరం వచ్చాడు, నుమాతా నోరు మూయించడానికి.

సగారా నింపాదిగా ఫోన్ తీసి టైప్ చేశాడు. 'గొబోకి ఆకుపచ్చగా వెళ్తోంది.'

పక్కనుంచి చదివిన షిరాసే ముక్కు చిట్లించింది. "ఛీ. ఇవన్నీ కూడా మేడమ్‌కి చెప్పాలా?"

"ఆవిడకి ఇవే ముఖ్యం."

జవాబు వచ్చింది. 'మందు పంపిస్తున్నా. అక్కడ మంచు ఎక్కువగా ఉంది, ఆలస్యం అవ్వచ్చు.'

అవొమోరి స్టేషన్ వెయిటింగ్ రూమ్ వెచ్చగా ఉంది. ఆపిల్ పెట్టెలతో ఆడవాళ్ళు, స్కీలతో పిల్లలు. సగారా బుట్ట ఒళ్ళో పెట్టుకుని, మూత తీసి, లోపల చెయ్యి ఉంచాడు. షిరాసే ప్రేమగా ఆనుకుని కూర్చుంది. ఆమె కోటు జేబులోంచి ఏదో గట్టిది అతని పక్కటెముకకి తగిలింది.

"కదలకండి," అంది చెవిలో. "రైల్లో వంగి వాసన చూశారు. మఫ్లర్ సర్దుతున్నారనుకుంటాననుకున్నారా?"

అప్పుడే గొబో అతని అరచేతిలోకి ఎక్కింది. మఫ్లర్ వాసనతో ధైర్యం వచ్చిందో, నేర్పింది ఇప్పటికి తలకెక్కిందో, ముళ్ళు పూర్తిగా దించి, మెత్తటి పొట్ట అతని చేతికి ఆనించింది. మొదటిసారి. ఇన్నాళ్ళూ సగారా కోరుకున్నది అదే.

తలుపు దగ్గర రబ్బరు బూట్లు వేసుకున్న ముసలాయన ఆగాడు. గొబోని చూశాడు. నుమాతా మొహంలో నవ్వు విచ్చుకుంది. అడుగు ముందుకు వేశాడు.

ఎదురుగా కాఫీ డబ్బాల మెషీన్ పక్కన ఒక టోపీ కదిలింది. వంగిన మెడ. కోటు లోపలికి వెళ్తున్న చెయ్యి. నుమాతా ఇంకో రెండు అడుగులు వేస్తే గురిలోకి వస్తాడు. సగారా అరిస్తే షిరాసే కాలుస్తుంది. పరిగెత్తే దారి లేదు, మందు ఇంకా రాలేదు.

సగారా దగ్గర మిగిలింది ఒక్కటే. వంగి, గొబో మొహం మీద గట్టిగా ఊది, ఆ తడి ముక్కు మీద వేలితో కొట్టాడు.

గొబో బుస్సుమంది. ముళ్ళన్నీ ఒక్కసారిగా లేచి అతని అరచేతిలో దిగాయి. నుమాతా నవ్వు ఆరిపోయింది. ఆయన గిర్రున తిరిగి గుంపులో కలిసిపోయాడు. తొకివా అటు పరిగెత్తాడు. తలుపు బయట మంచు ఎత్తిపోస్తున్న పారల కూలీలు ఇద్దరు అడ్డం తిరిగారు. ఒకడు తొకివాని గోడకి అదిమాడు, ఇంకొకడు తుపాకీ లాక్కున్నాడు. ఆపిల్ పెట్టెల ఆడవాళ్ళలో ఒకావిడ షిరాసే మణికట్టు పట్టి మెలితిప్పింది. మందు ఎప్పుడో వచ్చి కూర్చుంది, సగారాకే తెలియలేదు.

బేడీలతో తొకివాని బెంచీ మీద కూర్చోబెట్టారు. సన్నబడ్డాడు. అగరొత్తి పొగ వెనక ఉన్న మొహమే, వయసు మాత్రం మీదపడింది.

"దాని ముక్కు మీద కొట్టావేంట్రా?" అన్నాడు తొకివా. "ఇక నిన్ను నమ్మదు."

"తెలుసు."

తొకివా నాలుకతో రెండుసార్లు చప్పుడు చేశాడు. సగారా చేతిలో గొబో విచ్చుకుంది. అతని వైపు ముక్కు చాచింది. దానికి దేశం తెలియదు, ద్రోహం తెలియదు. సగారాకి వాడి మొహం మీద గుద్దాలనిపించింది, వాణ్ణి పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

"మెట్రోలో నా వెనక నుంచున్నది నువ్వేనా?"

"రెండుసార్లు నేనే."

సగారా మెట్రోలో అతన్ని అంతకన్నా ఎక్కువసార్లే చూశాడు. మిగిలినసార్లు కనిపించింది ఎవరో అడగలేదు.

సాయంత్రానికి నుమాతా తనంతట తానే స్టేషన్ మాస్టర్ గదికి వచ్చాడు. సగారా చేతి మీద రక్తపు చుక్కలు చూసి, ముడుచుకున్న గొబోని చూసి, "దాన్ని ఏడిపించి నన్ను బతికించావు," అన్నాడు. ముఠాలో మిగిలినవాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పాడు. గొబోని తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. సగారా కాదనలేకపోయాడు.

ఖాళీ బుట్టతో ఇల్లు చేరి తలుపు తీశాడు. "నేనే," అనబోయి మానేశాడు. లోపల ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ తనతో ఉన్న దయ్యం కూడా వెళ్ళిపోయింది. ఫొటో ముందు పొద్దుటి కాఫీ డబ్బా అలాగే ఉంది. ఆ డబ్బా తీసి మూత తెరిచి, నిలబడే తాగేశాడు.

మేడమ్ ఫోన్ చేసింది. "రిపోర్టు రాయిస్తున్నా. తొకివా గురించి నువ్వేమైనా చెప్తావా?"

సగారా ఖాళీ డబ్బా కింద పెట్టాడు.

"చచ్చిపోయిన తొకివా చాలా మంచివాడని రాయండి మేడమ్."